ఇఫ్రా కోసిన నాలుగు ముక్కలు

కోస్గిలో బస్టాండు దాటి సంత వైపు మళ్లగానే ఎడమ చేతి వరుసలో నా మడిగె ఉంటుంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి పంపడం నా పని. పక్క మడిగె ఇఫ్రాది. రెండింటికీ మధ్య ఒకటే గోడ, అదీ సగం ఇటుకది, సగం రేకుది. అందుకని గిరాకీలతో ఆమె పడే పంచాయితీలన్నీ నేను వింటాను, నా తిట్లన్నీ ఆమె వింటుంది. ఇద్దరికీ కోపం ఎక్కువే. నాది అరిచే కోపం, ఆమెది మాట మానేసే కోపం. నేను తిట్టిన గిరాకీ రెండు రోజుల్లో మళ్లీ వస్తాడు. ఆమె మాట మానేసిన గిరాకీ మాత్రం ఇంట్లో కూర్చుని తప్పెక్కడ జరిగిందా అని ఆలోచించుకుంటాడు.

ఆ మడిగె మొదట ఆమె తండ్రి అహ్మద్ అలీది. ఫోటో స్టూడియో. చుట్టుపక్కల పల్లెల్లో నా వయసు వాళ్ల పెళ్లిళ్లు చాలామటుకు ఆయన కెమెరాలోనే జరిగాయి. నా పెళ్లి కూడా. తాళి కట్టేటప్పుడు నా చేతులు వణికాయని నా భార్య ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను. ఆయన తీసిన క్యాసెట్టు మాత్రం ఆమె పక్షాన ఉంది.

ఆయనకొక నియమం ఉండేది. పెళ్లివారికి క్యాసెట్టో సీడీనో ఇచ్చి, వాళ్లు ఇంటికి పోయి చూసుకుని బాగుందని చెప్పాక, తన కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసేవాడు. ఒక్క ఫోటో ఉంచుకునేవాడు కాదు. "పరాయి ఇంటి ఆడపిల్లల బొమ్మలు నా డబ్బాల ఎందుకు? అది అమానత్. నమ్మి చేతుల పెట్టిన్రు, పని అయిపోయింది, ఇచ్చేసుడే," అనేవాడు. మిగతా స్టూడియోల వాళ్లు గోడల నిండా పెళ్లికూతుళ్లను అతికించుకుంటే, ఆయన గోడ మీద ఒక మక్కా బొమ్మ, ఒక జలపాతం తెర మాత్రమే ఉండేవి. ఆయన ఫోటో కూడా లేదు. కెమెరా వెనక నిలబడేవాడిని తీసేదెవరు? ఆయన పోయాక భార్య ఇక్బాల్ బీ ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు మీదిది ఒక్కటే దొరికింది. అందులో ఆయన దొంగతనంలో పట్టుబడ్డవాడిలా ఉన్నాడు. పాపం, ఊరందరినీ అందంగా తీసిన మనిషి.

ఇఫ్రా వెతికింది ఫోటో కోసం కాదు, గొంతు కోసం. తండ్రి పాత ఫోను, అలమారాలో మిగిలిన క్యాసెట్లు, చుట్టాల ఫోన్లు, అన్నీ చూసింది. ఎక్కడా దొరకలేదు. ఈ సంగతి నాతో ఒక్కసారే అన్నది, టీ తాగుతూ.

"కాకా, అబ్బా చెప్పిన మాటలన్నీ యాదికున్నయి. గొంతే యాదికొస్తలేదు."

నేను గ్లాసు కింద పెట్టి, ఎదురుగా ఉన్న మోటారును సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాను. దానికి ఆ దెబ్బల అవసరం లేదు.

తండ్రికి పక్షవాతం వచ్చేనాటికి ఇఫ్రా మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. తెలంగాణ వచ్చిన కొత్త. చదువు అక్కడే ఆపి మడిగెలో కూర్చుంది. ఆడపిల్ల కెమెరా పట్టుకుని పల్లెలు తిరుగుతుందా అని చుట్టాలు మూతి ముడిచారు. ఆమె వాళ్లతో వాదించలేదు, మాట మానేసింది. ఈలోగా పెళ్లిళ్లకు డ్రోన్లు వచ్చాయి, కెమెరా గిరాకీ ఎలాగూ పడిపోయింది. దాంతో ఆమె కంప్యూటర్ ముందుకు జరిగింది. జిరాక్సు, దరఖాస్తులు, ట్రాక్టర్లలో పెట్టుకునే పాటలు. జిల్లాలు మారి కాగితాలన్నీ మార్చుకోవాల్సి వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఆమె మెట్ల మీదే కూర్చుంది. ఫోన్లలో, కంప్యూటర్లలో పోయిన ఫోటోలు తిరిగి తీయడం తనంతట తానే నేర్చుకుంది. తండ్రి నియమం మాత్రం వదల్లేదు. దొరికినవి చేతికిచ్చి, చూసుకున్నామని వాళ్ల నోటితో అనిపించుకుని, చెరిపేస్తుంది. "రేపు మళ్లీ పోతే ఎట్ల, నీ దగ్గర ఒకటి ఉంచరాదు," అని కొందరు బతిమాలేవారు. "నేను చచ్చినంక నా డబ్బా ఎవని చేతుల పడ్తదో నీకెరుకనా?" అనేది.

ఆ నియమానికి తండ్రి ఒక్కసారి మినహాయింపు ఇచ్చాడు. అది ఐలేశం కోసం.

ఐలేశం మా పక్క పల్లె మనిషి. కురుమవాడు. గొర్లు కాసేవాడు, ఒగ్గు కథ చెప్పేవాడు. వాళ్ల ఊర్లో కురుమల కులదేవుడైన బీరప్ప పండుగ ఏటా రాదు. ఏళ్లకొకసారి ఊరంతా కూర్చుని అనుకుని చేస్తారు. చేసినప్పుడు నాలుగు దినాలు దేవుని కథ జరగాలి. ఆ కథ చెప్పే హక్కు ఐలేశం ఇంటిది, తాతల నుంచీ. తెలంగాణ రాకముందు జరిగిన పండుగలో ఐలేశం కథ చెప్పాడు, పెద్దకొడుకు నాగేందర్ డోలు కొట్టాడు, అహ్మద్ అలీ నాలుగు దినాలూ వీడియో తీశాడు. ఇచ్చిన సీడీలను కొన్నాళ్లకు ఐలేశం భార్య గుర్వమ్మ జొన్నచేలో దారాలకు వేలాడదీసింది, ఎండకు మెరిస్తే పిట్టలు రావని. పిట్టలు నిజంగానే రాలేదట. ఐలేశం ఏమీ అనలేదు, ఎందుకంటే స్టూడియో కంప్యూటర్‌లో ఉన్నది చెరపొద్దని అహ్మద్ అలీతో ముందే చెప్పి పెట్టుకున్నాడు.

"మా ఇంట్ల ఎలుకలున్నయి భాయ్, పోరగాండ్లున్నరు. నీ తాననే ఉండనీ. అడిగిననాడు ఇయ్యి."

అహ్మద్ అలీ మంచం మీదుండి బిడ్డకు చెప్పిన చివరి సంగతుల్లో అదొకటి. పాత కంప్యూటర్‌లో ఐలేశం అమానత్ ఉంది, మరిచిపోవద్దు.

ఆ పాత కంప్యూటర్ ఇఫ్రా బల్ల కింద బట్ట కప్పుకుని ఉండేది. అప్పుడప్పుడు తీసి నడిపించి చూసేదే గాని, పరాయివాళ్ల అమానత్ అని వీడియో తెరిచేది కాదు. ఒక ఎండాకాలం అలా నడిపించినప్పుడు దాని లోపల్నుంచి టక్కు టక్కుమని చప్పుడు వచ్చింది. గోడ ఇవతల నాకే వినబడింది. బేరింగు పోయే మోటారు కూడా ముందు అలాగే చెబుతుంది.

"ఇఫ్రా, నీ డబ్బా పోతాంది!" అని కేకేశాను.

"నాకు గూడ ఇనబడింది కాకా, జర నువ్వు అరవకు," అన్నది.

చచ్చిపోయే డిస్కులో ఒక్కొక్క ఫైలు వెతుక్కుంటూ కూర్చోకూడదట. ముందు దాని మీదున్నదంతా ఉన్నది ఉన్నట్టు ఒకటే పెద్ద ఫైలుగా దించుకోవాలట. తర్వాత అందులోంచి తీరికగా ఏరుకోవచ్చు. ఇఫ్రా అదే చేసింది. దించుకుని, నొక్కి మూటగట్టినట్టు చిన్నది చేసింది. అయినా అది పెద్దదే. ఆమె దగ్గరున్నవేమో ట్రాక్టర్లలో పాటలకు పెట్టుకునే చిన్న పెన్ డ్రైవులు. ఏ ఒక్కదానిలోనూ ఆ ఫైలు పట్టదు. అందుకని దాన్ని నాలుగు ముక్కలుగా కోసి, ఒక్కొక్క దానిలో ఒక్కో ముక్క ఎక్కించి, మార్కరుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసింది. ఐలేశానికి కబురు పంపింది.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఐలేశం గొంగడి భుజాన వేసుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఇఫ్రా నాలుగింటినీ ఆయన అరచేతిలో పెట్టి చెప్పింది.

"తాతా, గిదంత ఒక్కటే మూట. పట్టక నాలుగు తుకుడాలు చేసిన. నీకు చూడాలనిపించిననాడు నాలుగూ పట్కొని రా, కలిపి తీసిస్త. ఒక్కటి తక్కువున్నా మూట ఇప్పుకోదు."

సంత రోజు. ఆమె మాట పూర్తయ్యేలోగానే జిరాక్సుల కోసం జనం ఆయన మీద నుంచి చేతులు చాపుతున్నారు. ఐలేశం ఆ పెన్ డ్రైవులను ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు. వాటి మీది అంకెలు చదివాడు. అంకెలు ఆయనకు వచ్చు.

"నాలుగు దినాల కథ," అన్నాడు. "సమజైంది బిడ్డా."

అలా అన్నాక ఎవరైనా ఇంకేం చెబుతారు? ఆమె నాలుగు అన్నది, ఆయనా నాలుగే అన్నాడు. ఇద్దరి నాలుగూ ఒకటి కాదని నాకు తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. కొన్నాళ్లు ఆగి, భద్రంగా ఉన్నాయా అని ఆమె ఫోన్ చేసి అడిగింది. ఉన్నాయన్నాడు. అప్పుడు తన కంప్యూటర్‌లోని ఫైలును చెరిపేసింది. పాత డిస్కు అప్పటికే పూర్తిగా చచ్చి పాత ఇనుము వాడి బండెక్కింది. "అబ్బా అమానత్ ఇచ్చేసిన కాకా," అని ఆ రోజు నాకు సమోసా తినిపించింది.

ఆ తర్వాత ఐలేశానికి జబ్బు చేసింది. మంచాన పడ్డ మనిషి ముందుగా చేసిన పని పాళ్లు పంచడం. ఆ ఇంట్లో ఏదైనా పాళ్ల లెక్కే. గొర్లు, గొంగళ్లు, బోరు నీళ్లు. అలాగే పెన్ డ్రైవులు కూడా పంచాడు. మొదటి దినం పెద్దకొడుకు నాగేందర్‌కు, రెండోది చిట్యాలలో కాపురముంటున్న బిడ్డ పుష్పకు, మూడోది చిన్నకొడుకు పరశురాములుకు, నాలుగోది గుర్వమ్మకు. పరశురాములుకు మూడోదే ఎందుకంటే, తండ్రి వెనక తిరిగి వాడు నేర్చుకున్న కథలో మూడో దినానిది వాడికి రాలేదు. "నీకు రానిది నీకిచ్చిన, ఇనుకుంట నేర్చుకో," అన్నాడట. ఆయన లెక్కలో అంతకన్నా న్యాయమైన పంపకం లేదు. కొన్నాళ్లకు కన్నుమూశాడు.

తర్వాత అన్నదమ్ములు గొర్ల దగ్గర చెడారు. మంద ముందు నడిచే పొట్టేలు ఒకటుండేది. అది ఎటు పోతే మంద అటు పోతుంది. పెద్దోన్ని, నాదంటాడు నాగేందర్. చిన్నప్పటి నుంచి నా చేత్తో మేపిన, నాదంటాడు పరశురాములు. పెద్దమనుషులు పొట్టేలును పరశురాములు వైపు పెట్టారు. నాగేందర్ తన పాలు గొర్లు తోలుకుని పోయి వేరే దొడ్డి వేసుకున్నాడు. డోలు అటక ఎక్కించాడు. ఆ తర్వాత తమ్ముడితో మాట లేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మాకు తెలిసేలా చేసినవాడు పరశురాములే. పోయిన ఏడు ఊరు బీరప్ప పండుగ పెట్టుకుంది. కథ చెప్పాల్సింది అతనే. ఒక పొద్దున వచ్చి, మూడు అని రాసి ఉన్న పెన్ డ్రైవును ఇఫ్రా బల్ల మీద విసిరికొట్టాడు.

"ఏందిది? టీవీల పెట్టిన, ఒస్తలేదు. లాప్‌టాప్‌ల పెట్టిన, ఒస్తలేదు. మా బాపు నమ్మి ఇస్తే గిదా మీరు చేసింది? మీ నాయిన ఉన్ననాడు గిట్ల లేకుండె."

చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. పనివాడి ముందు వాడి తండ్రిని తెచ్చి పోల్చేవాళ్లంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. గోడ ఇవతల్నుంచే అరుస్తూ లేచి ఆమె గడప దగ్గరికి పోయాను. "ఎవనితోని మాట్లాడుతున్నవురా? జర మర్యాద నేర్చుకో!"

ఇఫ్రా నా వైపు చూడలేదు. పెన్ డ్రైవు పెట్టి చూసి, మెల్లగా అడిగింది.

"గిది మూడో తుకుడా. కడమ మూడేవి?"

"ఎవల పాలు వాళ్ల దగ్గర. నాది నాకు తీసియ్యి. మూడో దినం కథ."

అప్పుడు అర్థమైంది ఆమెకు. నాకు ఇంకాసేపు పట్టింది. పరశురాములుకు అసలు పట్టలేదు. పాలంటే పాలే కదా. నా పాలు గొర్రె పాలివ్వడానికి అన్న పాలు గొర్రె పక్కన ఉండాలా? ఆమె మళ్లీ మళ్లీ చెప్పింది. ఇందులో మూడో దినం లేదు, ఏ దినమూ లేదు, మొత్తంలో నాలుగో వంతు ఉంది, మిగతా మూడు వచ్చి చేరితేగాని ఒక్క మాట కూడా వినపడదు. అతను విని విని, చివరికి, "అంటే మా అన్న కాళ్లు పట్టుకోవాల్నా?" అన్నాడు. "గంతకన్న వేరే ఊరోల్లను పిలుసుకోమని చెప్త. మా ఇంటి కథ ఆగిపోతే ఆగిపోయె."

అతను వెళ్లాక ఆమె షట్టరు సగం దించి లోపలే కూర్చుంది. నేను టీ పట్టుకుపోయాను.

"చెరపకుంట ఉంటే మంచిగుండు కాకా," అన్నది. "అబ్బా చెప్పినట్టే చేసిన. చేసినందుకే పోయింది."

"పోలేదు. నాలుగిండ్లల్ల ఉన్నది," అన్నాను.

"నాలుగిండ్లల్ల ఉంటే లేనట్టే."

మరునాడు ఆమె బయల్దేరింది. నా బండి మీద నేనే తీసుకుపోయాను. ముందు గుర్వమ్మ దగ్గరికి. ఆమె చిన్నకొడుకు ఇంట్లోనే ఉంటుంది. అడగ్గానే నడుముకున్న వక్కాకు సంచి విప్పి, వక్కల మధ్య నుంచి పెన్ డ్రైవు తీసింది. సున్నం అంటి తెల్లగా ఉంది.

"పాడయితే గాలే గదా బిడ్డా? రోజు వక్క తీసేటప్పుడు ముట్టుకుంట. ఆయనను ముట్టుకున్నట్టే ఉంటది."

పుష్పకు ఫోన్ చేస్తే బస్సులో వస్తానంది. ఎవరితోనైనా పంపించరాదా అంటే, బాపు పాలు ఇంకొకరి చేతికి ఇవ్వనంది. ఆమె తెచ్చింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేవుని గూట్లో పెట్టుకుని ప్రతి పండుగకూ పసుపు పూసి కుంకుమ పెట్టిందట. పెన్ డ్రైవు మూతిలో పసుపు గట్టిగా ఎండిపోయి ఉంది. ఇఫ్రా కళ్లు మూసుకుంది. నేను నా మడిగెలోంచి స్పిరిటు, దూది, సన్న సూది తెచ్చాను. నిదానంగా గీకి గీకి తుడిచాం. ఒకసారి పెడితే రాలేదు. మళ్లీ తుడిచి పెడితే వచ్చింది. "దేవుని గూట్ల ఉన్నదానికి ఏమైతది?" అన్నది పుష్ప నిమ్మళంగా.

మిగిలింది నాగేందర్.

దొడ్డి దగ్గరికి పోయేసరికి అతను గొర్రెపిల్లకు మందు తాగిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. ఇఫ్రా చెప్పాల్సింది చెప్పింది. ఒగ్గు అన్న మాట రాగానే అతను మందు సీసా కింద పెట్టాడు.

"వానికి నా పొట్టేలు గావాలె, నా పాలు కథ గావాలె. ఇంకేం గావాల్నంట?"

"అన్నా, పెన్ డ్రైవు ఉన్నదా అసలు?" ఇఫ్రాకు ఆ భయమే ఎక్కువగా ఉంది. ఆ పెన్ డ్రైవులు ట్రాక్టర్ పాటల కోసం అమ్మేవి. ఎవరైనా ఉన్నది చెరిపి పాటలు ఎక్కించి ఉంటే, ఆ ముక్క పోయినట్టే.

"ఎందుకుండది? ట్రాక్టర్ల పెట్టిన, మోగలే. మొబైల్ దుకాణంల ఇస్తే, గిండ్ల ఏదో చెడిపోయిన ఫైలున్నదన్నా, కొట్టేసి పాటలు ఎక్కిస్త అన్నడు. మా బాపు ఇచ్చిన పాలురా గది, ముట్టినవంటే చెయ్యి ఇరుస్త అన్న." గొర్రెపిల్లను వదిలాడు. "నా పాలు నేనెందుకియ్యాలె?"

ఇఫ్రా కింద కూర్చుంది, ఆ పెంటలోనే, అతనికి ఎదురుగా.

"ఇయ్యకు అన్నా. నేను ఇయ్యుమంటలేను. నీ పాలు నీ చేతుల్నే ఉండనీ. నువ్వే పట్కొని రా, నువ్వే పెట్టు. పని అయిపోతనే నువ్వే గుంజుకొని పో. నేను ముట్ట. మా అబ్బా మీద ఒట్టు."

అతను మంద వైపు తిరిగాడు. మంద నీళ్ల తొట్టి దగ్గరికి పోతూ ఆగి ఆగి చూస్తోంది. ముందు నడిచేది లేక గొర్లు అటా ఇటా అని తొక్కుకుంటున్నాయి. "సంతనాడు వస్త," అన్నాడు చివరికి. "వాడు నాతోని మాట్లాడొద్దు. గది చెప్పు వానికి."

సంతనాడు మధ్యాహ్నం ఇఫ్రా మడిగె నిండిపోయింది. లోపల స్టూలు మీద గుర్వమ్మ, ఆమె పక్కన పుష్ప. గోడకు ఆనుకుని పరశురాములు. నాగేందర్ గడప మీద నిలబడ్డాడు, లోపలికీ కాదు బయటికీ కాదు. నేను నా పని వదిలేసి రేకు పక్కన నిలుచున్నాను. పోయిన కరెంటు వస్తూ ఉంది, వచ్చిన కరెంటు పోతూ ఉంది. ఇన్వర్టరు మీద నడిపిస్తోంది ఆమె.

మూడు ముక్కలు దించుకుంది. నాలుగోదానికి, అంటే ఒకటో నంబరుకు, కుర్చీ జరిగి చోటిచ్చింది. నాగేందర్ జేబులోంచి పెన్ డ్రైవు తీశాడు. గుడ్డలో చుట్టి, దారం కట్టి ఉంది. తనే పెట్టాడు. మొదట తలకిందులుగా పెట్టబోతే తమ్ముడి చెయ్యి తనంతట తనే ముందుకు వచ్చింది, మళ్లీ ఆగింది. నాగేందర్ తిప్పి పెట్టాడు.

అన్నీ దించాక కలపడం మొదలుపెట్టింది. తెర మీద పచ్చగీత నిండుతోంది. సగం దాటాక కదలకుండా ఆగింది. పరశురాములు అన్న వైపు చూశాడు, నాగేందర్ తెర వైపే చూస్తున్నాడు. ఇఫ్రా పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతోందో గీతను తిడుతోందో తెలియదు. గీత కదిలింది. నిండింది. ఒక ఫోల్డరు వచ్చింది. దాని పేరు అహ్మద్ అలీ పెట్టిందే, ఐలేశం అమానత్ అని. లోపల నాలుగు దినాలూ వరసగా ఉన్నాయి.

"మూడోది ఒత్తు అక్కా," అన్నాడు పరశురాములు.

"మొదట్నుంచి పెట్టు," అన్నది గుర్వమ్మ. "దేవుని కథ నడుమ నుంచి ఇంటరా ఎవలన్న?"

మొదటి దినం తెరుచుకుంది. ముందు నేల కనబడింది, ఎవరివో చెప్పులు, ఊగుతున్న పందిరి గుంజ. తర్వాత కెమెరా లేచింది. నేల మీద దేవునికి వేసిన పట్నం ముగ్గు, బియ్యపు పిండి, పసుపు. దాని వెనక ఐలేశం, నడుముకు రుమాలు, కాళ్లకు గజ్జెలు, జుట్టు ఇంకా నల్లగానే ఉంది. పక్కన డోలు వేసుకుని నాగేందర్, మీసాలు సరిగ్గా రాని నాగేందర్. అతని వీపుకు ఆనుకుని ఒక పిల్లవాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడి తల జారినప్పుడల్లా నాగేందర్ ఒక భుజం పైకెత్తి ఆపుతున్నాడు. డోలు మీది చెయ్యి ఆగడం లేదు.

పరశురాములు తల దించుకున్నాడు. గడప మీదున్న నాగేందర్ గొంతు సవరించుకుని, ఎవరితోనూ కాకుండా, "గాడిద, పండుగంత నిద్రనే పోయిండు. గందుకే రాలే మూడో దినం," అన్నాడు. పుష్ప నవ్వింది. నాగేందర్ గడప దిగి లోపలికి వచ్చి, తమ్ముడి పక్కన కాదు కానీ, అదే గోడకు ఆనుకున్నాడు.

ఐలేశం కథకు గొంతెత్తబోయాడు. అప్పుడు కెమెరాకు దగ్గరగా, మా అందరి చెవుల పక్కనే అన్నట్టు, ఇంకో గొంతు వినబడింది.

"ఠైరో, ఐలేశం భాయ్. జర ఆగు. పెద్దోన్ని ఇటు జరగమను, డోలు కనబడుతలేదు. ఆఁ, గట్ల. పిలగాన్ని లేపకు, నిద్ర పోనీ. మాషాల్లా, మంచిగున్నరు. ఇగ చెప్పు."

తర్వాత ఒక చిన్న దగ్గు. కథ మొదలైంది.

ఇఫ్రా చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. వెనక్కి జరిపింది. ఠైరో, ఐలేశం భాయ్. మళ్లీ వెనక్కి జరిపింది. మాషాల్లా, మంచిగున్నరు. ఆమె భుజాలు కదలడం చూశాను. నాకూ కళ్లు మసకబారాయి, దాచుకోవడానికి సుత్తి కూడా చేతిలో లేదు. పరశురాములు, "అక్కా, మూడో దినం..." అనబోతే నాగేందర్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగురా," అన్నాడు. "ఆమె నాయినది."

అన్నదమ్ములు మాట్లాడుకున్నది అంతే, ఆ రోజు.

సాయంత్రానికి ఆమె నలుగురికీ కొత్తగా పెద్ద పెన్ డ్రైవులు చేసి ఇచ్చింది, ప్రతిదానిలో మొత్తం కథ. ఇది పాలు కాదని, ఎవరిది వాళ్ల దగ్గర ఒక్కటే ఉన్నా నడుస్తుందని గుర్వమ్మతో చెప్పించి, మళ్లీ అందరి నోటా అనిపించింది. ఈసారి సమజైంది అన్న మాట ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి చేత పెట్టించి, నడిపించి చూపించమంది. గుర్వమ్మ కూడా తన చేత్తో నొక్కింది.

"మీ ఆయన కావాల్నని గిట్ల పంచిండా గుర్వమ్మా, అందరు ఒక్క తాన కూసోవాల్నని?" అని అడిగాను నేను, ఉండబట్టలేక.

"ఆయనకు గంత తెలివి ఏడిది?" అన్నది ఆమె. "నాలుగుంటే నలుగురికి పంచిండు."

వాళ్లు లేవబోయారు. ఇఫ్రా అలవాటుగా కంప్యూటర్ వైపు తిరిగింది. చూసుకున్నారా అని అడిగింది, చూసుకున్నామన్నారు. ఇక చేయాల్సింది ఒకటే, తండ్రి చేసినట్టు చెరిపేయడం. ఫోల్డరు మీద గుర్తు పెట్టింది. వేలు డిలీట్ మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఉంచుకోవే తల్లీ, ఎవరు అడుగుతారు నిన్ను అని నాకు అరవాలని ఉంది. అరిచినా ఆమె వినదని తెలుసు.

ఆమె కుర్చీ తిప్పి గుర్వమ్మ వైపు చూసింది.

"అవ్వా, ఒక్క మాట. కథ మీదే. అది నేను ఉంచుకోను. మొదట్ల మా అబ్బా మాట్లాడిన తుకుడా ఉన్నది గదా, గంత మటుకు నేను తీసుకోవచ్చునా?"

గుర్వమ్మ ఆమెను వింతగా చూసింది. చేతిలోని కర్ర గోడకు ఆనించి, దగ్గరికొచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టింది.

"అడుగుతున్నవేంది బిడ్డా? గది నీ పాలు. మాకెరుక లేక గిన్నొద్దులు నీకియ్యలే."

ఇఫ్రా డిలీట్ మీద నుంచి వేలు తీసి, తండ్రి మాట్లాడిన ఆ ఒక్క ముక్క కోసుకోవడానికి మొదటి దినం మొదటికి జరిపింది.